చుక్క బేగి తేలింది

ఆ పోస్టరు మా వాకింగ్ గ్రూపులో ఎవరో పెట్టారు. శనివారం సాయంత్రం పార్కులో ఆకాశ దర్శనం, టెలిస్కోపులు ఉంటాయి, పిల్లల్ని తీసుకురండి, చలికి శాలువా మరిచిపోకండి అని ఉంది. కింద ఇంకో వరుస: మన నగరపు తొలితరం ఖగోళ పరిశీలకులు రాజలింగం గారికి సన్మానం, ఆయన స్వహస్తాలతో రాసిన చారిత్రక పరిశీలన పత్రం ప్రదర్శన. పక్కన ఆ పత్రం ఫోటో కూడా వేశారు. పసుపు పట్టిన కాగితం, చుట్టూ కొత్త చెక్క ఫ్రేము.

నేను రైల్వే రికార్డు సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. కాగితం కనిపిస్తే చదవకుండా వదలను. రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసి ఒక్కో గడీ చూశాను. పరిశీలకుడి పేరు, స్థలం, సమయం, చివర విశేషాలు. విశేషాల గడిలో ఇలా ఉంది: "చంద్రుడి వెనక నుంచి చుక్క బేగి తేలింది. మిణుకు లేదు." నేను కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాను. బేగి. అనుమానం లేదు, బేగి అనే ఉంది.

మా ఆవిడ కమల చిక్కుడుకాయలు వలుస్తోంది. "ఏమిటండీ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది. నేను నవ్వుతున్నట్టు నాకు తెలియదు.

"దొరికాడు," అన్నాను.

"ఎవరు?"

"దొంగ."

ఆవిడకు వాడి పేరు చెప్పనక్కర్లేదు. పెళ్ళైన కొత్తలోనే ఆ కథ చెప్పాను. తర్వాత ఎన్నిసార్లు చెప్పానో ఆవిడే లెక్క చెప్పగలదు. "ఈ వయసులో పగలేమిటండీ, ఆయనకీ మీకూ రేపో మాపో," అంది. రేపో మాపో కాబట్టే శనివారం వదులుకోకూడదని నేను అనుకున్నాను.

మేము మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. నాన్న గార్డు ఉద్యోగం మీద ఇటు వచ్చి, అమ్మనీ, మామ్మనీ, నన్నూ తెచ్చుకున్నాడు. నాన్నను కన్న తల్లిని మా వైపు మామ్మ అంటాం. ఆ ఇంటి గురించి తలుచుకుంటే ముందు వాసనలే వస్తాయి. నాన్న లైనుకు వెళ్ళొచ్చాక గుమ్మం పక్కన దింపిన దీపాల పెట్టెలోంచి కిరసనాయిలు వాసన, దండెం మీద ఆరేసిన బట్టలకు అంటుకున్న బొగ్గు పొగ వాసన, వాటన్నిటి మీదా మామ్మ పొగాకు వాసన. మామ్మ అడ్డచుట్ట కాల్చేది. అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాల్చడం. మా వైపు ఆడవాళ్ళకు అది మామూలే, ఇక్కడి వాళ్ళకు వింత. పక్క క్వార్టరు పిల్లలు మామ్మ నోట్లోంచి చుట్ట తీసేదాకా కాచుకుని, నిప్పు కనబడగానే కేరింతలు కొట్టేవాళ్ళు. మామ్మ వాళ్ళకేమీ అనేది కాదు. పొగ వదిలి, "ఏటిరా సూత్తారు, మీ మామ్మకి లేదేటి నోరు?" అని నవ్వేది.

ఆవిడ దినచర్యలో గడియారానికి చోటు లేదు. అందరికన్నా ముందు లేచి, పెరట్లో రాయి మీద కూర్చుని చుట్ట ముట్టించేది. ఆకాశం చూసి తెల్లారడానికి ఎంతసేపుందో చెప్పేది. పిల్లలకోడి ఇక్కడికొచ్చింది, గొల్లకావడి అక్కడికి దిగింది, ఇంక మీ నాన్నని లేపాలి, అనేది. పిల్లలకోడి అంటే పుస్తకాల్లో కృత్తికలు. గొల్లకావడి అంటే వరసగా నిలబడే మూడు చుక్కలు. తర్వాత రాత్రి మిగిలిన అన్నంలో గంజి పోసి, పచ్చి ఉల్లిపాయ చేత్తోనే నలిపి, నాకో ముద్ద పెట్టేది. చుక్కలంటే నాకు ఇష్టం పుట్టింది ఆ రాయి పక్కనే గాని, ఎవరి క్లాసులోనూ కాదు. అయితే ఆ సంగతి ఆ రోజుల్లో ఎవరికైనా చెప్పుకోవడం నాకు నామోషీగా ఉండేది. బడిలో నేను "ఏటి" అన్నప్పుడల్లా పిల్లలు "ఏటి, ఏటి" అని వెంటపడేవాళ్ళు. ఒక్క ఏడాదిలో నా నోట్లోంచి మా ఊరి మాటలన్నీ ఏరేసుకున్నాను. ఇంటి గడప దాటితే బేగి అనేవాణ్ణి కాదు, జల్ది అనేవాణ్ణి.

పద్మారావు నగర్‌లో గురునాథం మాస్టారని ఒకాయన మేడగదిలో అద్దెకుండేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయనకొక ఇత్తడి దుర్భిణి ఉండేది. శనివారాలు మేం ఏడెనిమిది మందిమి సైకిళ్ళ మీద ఆయన వెంట బొల్లారం దాకా వెళ్ళి, చీకటి మైదానంలో ఒకరి తర్వాత ఒకరు అందులో కన్ను పెట్టేవాళ్ళం. ఆయన మాటంటే మాకు శాసనం. మిగతా రోజుల్లో ఆ దుర్భిణిని వంతులవారీగా ఇంటికి ఇచ్చేవారు. తువ్వాలులో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకెళ్ళాలి. ఎవరేం చూసినా ఆయన గీసిచ్చిన కాగితం మీద రాసి ఇవ్వాలి. రాయని చూపు చూపు కాదు అనేవారు. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది ఆ మాట విన్నాకే. ఈ రోజు దాకా ఆపలేదు.

రాజలింగం అక్కడే పరిచయమయ్యాడు. పద్మారావు నగర్‌లో పుట్టి పెరిగినవాడు, తాతల కాలం నుంచీ ఈ ఊరివాళ్ళు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. మాటకారి, నవ్విస్తాడు, ఎవరి సైకిలైనా అడిగి తీసుకుంటాడు. నాకు వాడంటే ఎంత ఇష్టమో చెప్పలేను. మా క్వార్టరు ముందు సైకిలు గంట కొట్టి, "సూరీ, బయటికి రా ర," అని పిలిచేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. పొగాకు వాసనకు తలనొప్పి అనేవాడు. అందువల్ల మా మామ్మతో వాడు కూర్చుని మాట్లాడిందీ లేదు, ఆవిడ భాష వాడి చెవిన పడిందీ తక్కువే.

ఆ ఏడు దసరా వెళ్ళిన కొద్ది రోజులకు ఒక తెల్లవారుజామున చంద్రుడు రోహిణి మీదుగా పోతాడని మాస్టారు చెప్పారు. అంటే చంద్రుడు తన దారిన పోతూ ఆ ఎర్రని చుక్కను ఓ గంటసేపు వెనక దాచేస్తాడు. తర్వాత చీకటి పక్క నుంచి అది మళ్ళీ బయటపడుతుంది. బయటపడ్డ క్షణం ఏమిటో క్షణం తేడా లేకుండా రాయాలి. అప్పట్లో ఒక పరిశోధనశాలలో, పేరెందుకు లెండి, పరిశీలకుడికి సహాయకుడుగా ఒక కుర్రాణ్ణి తీసుకోబోతున్నారు. ఎవరిని పంపుతారని మాస్టారిని అడిగారు. "ఎవరి కాగితం సరిగ్గా ఉంటే వాళ్ళ పేరు రాసి పంపుతాను," అన్నారాయన. దుర్భిణి ఆ వారం నా వంతు. రాజలింగానికి ఎవరిదో బైనాక్యులర్ దొరికింది. నేను ఆ ఉద్యోగం గురించి తప్ప మరేదీ ఆలోచించలేదు ఆ వారమంతా.

అలాంటి పని ఒక్కడివల్ల కాదు. ఒకరు చూడాలి, ఒకరు గడియారం చదవాలి. కన్ను తిప్పి గడియారం చూసేలోగా రెండు మూడు క్షణాలు పోతాయి. నాన్న డ్యూటీ దిగి నిద్రపోతున్నాడు, ఆయన గార్డు గడియారం అడిగి తీసుకున్నాను. పెరట్లో ముక్కాలిపీట మీద దుర్భిణి నిలబెట్టాను. మామ్మ ఎలాగూ లేచే ఉంది. మొదట నేను అద్దంలో చూస్తూ, మామ్మ చేతికి గడియారం ఇచ్చాను. ఆవిడకు ముళ్ళు చదవడం రాదు. పైగా పడమటి గాలికి నా కన్ను నీరు కారడం మొదలైంది. చివరికి చోట్లు మార్చుకున్నాం. మామ్మ చుట్ట ఆర్పి రాయి మీద పెట్టి, పీట ముందు చతికిలబడి, అద్దానికి కన్ను ఆనించింది. నేను టార్చి వెలుగులో సెకన్ల ముల్లు చూస్తూ నిలబడ్డాను. "పెళ్ళాన్ని కొంగు కింద దాసినాడురా, ఇడిసిపెట్టడు," అని ఆవిడ నవ్వుతూనే ఉంది. ఉన్నట్టుండి నా మోకాలి మీద చరిచి, "అదిగోరా, సుక్క బేగి తేలిపోనాది!" అని అరిచింది. నేను ముల్లు చూసి రాసుకున్నాను. తర్వాత కన్ను పెట్టి చూస్తే, చంద్రుడి పక్కన రోహిణి మిణుకు లేకుండా, కుంకుమ బొట్టులా ఉంది.

తెల్లారాక మాస్టారి కాగితం మీద శుభ్రంగా రాశాను. మామ్మ మాట చెవుల్లో మోగుతూనే ఉండడం వల్ల కాబోలు, జాగ్రత్తగా ఏరేసుకున్న ఆ ఒక్క మాట కలంలోంచి జారింది. పరిశీలకుడి పేరు దగ్గర నా పేరు రాశాను. ఆ రోజు నాకు టైపు పరీక్ష ఉంది. సైకిలు గంట మోగింది. రాజలింగం కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అలారం మోగలే ర. పరేషాన్‌ల ఉన్న," అన్నాడు. "నీదేమైంది?"

"దొరికింది! టైముతో సహా!"

"ఇయ్యి. మా ఇంటి మీదికెళ్ళే కదా మాస్టారి ఇంటికి దారి. నేనిచ్చి పోత."

ఇచ్చాను.

శనివారం బొల్లారంలో మాస్టారు టార్చి పెట్టి, రాజలింగం పేరు చెప్పి, నేను రాసిందే చదివి వినిపించారు. రాజలింగం భుజం తట్టారు. ఆయన చదివినప్పుడు "వేగంగా తేలింది" అనే విన్నట్టు గుర్తు. తప్పు రాశాడనుకుని దిద్ది చదివి ఉంటారు. నేను కాగితం చూడలేదు, చూడనివ్వలేదు. "మరి నీదేదీ?" అని ఆయన నన్ను అడిగితే, "వీడి చేతికే ఇచ్చానండీ, అది నాదే," అన్నాను.

రాజలింగం నా కళ్ళలోకి చూశాడు. "నాకెప్పుడిచ్చినవ్ ర?" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

మర్నాడు ఇంట్లో నా మొహం చూసి మామ్మ సంగతి లాగింది. చెబితే, ఉతికిన చీర కట్టుకుని, నా వెంట నడిచి పద్మారావు నగర్ వచ్చింది. మాస్టారి మేడమెట్లు ఎక్కి ఆయాసపడుతూ, "బాబూ, ఆ సుక్కని సూసింది నాను. నా కళ్ళతో సూసినాను," అంది. రాజలింగం అక్కడే ఉన్నాడు. మాస్టారు నా వైపు తిరిగి, "నువ్వు చూశానన్నావు. ఆవిడ తాను చూశానంటోంది. ఏది నిజం?" అన్నారు. నేను మామ్మ చేయి పట్టుకుని, "ఊరుకో మామ్మా," అన్నాను. అప్పుడన్నాడు రాజలింగం, గోడకు ఆనుకుని, నవ్వుతూ: "నోట్ల నిప్పు వెట్టుకునే ముసలమ్మ సార్. చుట్ట నిప్పును చూసి చుక్క అనుకున్నదేమో." మాస్టారు కూడా నవ్వారు. నవ్వి, దుర్భిణి ఇంక నీకు ఇవ్వను, అబద్ధమాడేవాడికి ఆకాశం పనికిరాదు, అన్నారు.

మామ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ఆ చలికాలమంతా పెరట్లో రాయి మీద కూర్చోవడానికి రాలేదు. చలి అంది. చుట్ట కూడా వంటింట్లో పొయ్యి దగ్గరే కాల్చుకునేది. రాజలింగం ఆ ఉద్యోగంలో చేరి, కొండల మీద పెద్ద పెద్ద దుర్భిణుల పక్కన బతుకంతా గడిపాడు. నేను రికార్డు సెక్షన్‌లో ఇతరుల కాగితాలకు నంబర్లు వేసి బీరువాల్లో పెట్టాను. నా పని నేను బాగానే చేశాను. కాని ఆ మేడమెట్లు మాత్రం నేను ఇంకా దిగుతూనే ఉన్నాను.

ఇక శనివారం. పోస్టరు చూసినప్పటి నుంచి మూడు రోజులు నేను వేరే పని చేయలేదు. శుక్రవారమే పార్కుకు వెళ్ళి వేదిక ఎక్కడో, కుర్చీలు ఎటు తిరిగి ఉంటాయో కనుక్కొచ్చాను. ఆ నాటి డైరీ బయటికి తీసి, ఆ పేజీలో కాగితం ముక్క పెట్టాను. గడ్డం గీసుకుంటూ అద్దంలో ప్రశ్న సాధన చేశాను. అప్పట్లో చేసిన పొరపాటు నేరుగా దొంగా అనడం. దొంగా అంటే దొంగ కాదంటాడు. ఈసారి నేనేమీ అనదలుచుకోలేదు. ఒక మాటకు అర్థం అడుగుతాను, అంతే.

ఆ పార్కు చూస్తే మా బొల్లారం మైదానం మీద జాలి వేసింది. పీపాల్లాంటి టెలిస్కోపులు, వాటంతట అవే తిరిగి గ్రహం ముందు ఆగుతాయి. ఎటు చూడాలో ఎవరికీ తెలియనక్కర్లేదు, ఫోను ఆకాశానికి చూపిస్తే పేరు చెబుతుంది. బతిమాలి రెండు దీపాలు ఆర్పించారట, మిగతావి వెలుగుతూనే ఉన్నాయి. ఆకాశం బూడిద రంగు. చంద్రుడు, గురుడు, ఇంకో నాలుగైదు చుక్కలు, అంతే. మెట్టుగూడలో బొగ్గు పొగ మధ్య నుంచి కూడా మామ్మ వేళ్ళతో లెక్కపెట్టగలిగిన పిల్లలకోడి పిల్లలు ఇక్కడ ఒక్కటీ లేవు. ఇన్ని యంత్రాలున్నాయి, చూడ్డానికి ఆకాశమే లేదు. అయినా ఆ పిల్లల ఉత్సాహం మెచ్చుకోవాలి. శ్వేత అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి అంతా నడిపిస్తోంది. "అంకుల్, ముందు సన్మానం, తర్వాత జూపిటర్. సీనియర్ సిటిజన్స్‌కి సపరేట్ క్యూ," అని నన్ను మూడో వరసలో కూర్చోబెట్టింది. మఫ్లరు చెవుల మీదికి లాక్కున్నాను.

రాజలింగం వేదిక మీద ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, మాట మాత్రం అదే. దండ వేశారు, శాలువా కప్పారు. ఫ్రేము కట్టిన కాగితం పక్కనే స్టాండు మీద. వాడు ఆ తెల్లవారుజాము చలి గురించి, చేతులు కొంకర్లు పోవడం గురించి, ఒక్కడే మేడ మీద నిలబడడం గురించి అందంగా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని శ్వేత అడిగితే, ఒక చిన్నపిల్ల బ్లాక్ హోల్‌లో పడితే అమ్మకు ఫోన్ చేయొచ్చా అని అడిగింది. తర్వాత నేను చేయెత్తాను.

"నమస్కారమండీ," అన్నాను మైకులో. "మీ కాగితం చదివాను. దస్తూరీ ముత్యాల్లా ఉంది. 'చుక్క బేగి తేలింది' అని రాశారు కదా. ఆ బేగి అంటే ఏమిటండీ?"

వాడు ఫ్రేము వైపు వంగి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదని ఆ వంగడంలోనే తెలిసిపోయింది. "ఆఁ, గదా," అన్నాడు గొంతు సవరించుకుని. "బేగి అంటే పాత ఖగోళశాస్త్రంల మాట. చంద్రునికి ఒక దిక్కు చీకటుంటది చూడుండ్రి, గా అంచును బేగి అనేది. మా గురువుగారు చెప్పిన్రు."

"సూపర్ సార్, ఇది ఎక్కడా చదవలేదు," అని శ్వేత పక్కనున్న తెల్లబోర్డు మీద రాసేసింది: బేగి అంటే చంద్రుడి చీకటి అంచు.

"ఇంకోసారి చెబుతారా, రాసుకుంటాను," అన్నాను.

వాడు ఇంకోసారి, మరింత వివరంగా చెప్పాడు. నేను నిదానంగా రాసుకున్నాను. అంత రుచిగా నేను జీవితంలో ఏదీ రాసుకోలేదు. నేను పిలవని సాక్షి ఒకావిడ వెనక వరసలో లేచింది. నా ఈడు మనిషి, కాళ్ళకు వాకింగ్ బూట్లు. "అదేటి బాబూ!" అంది బిగ్గరగా. "మాది విజయనగరం. బేగి అంటే బేగీ. తొరగా అని. బేగి రా, బేగి తిను అంటాం గదా. అంచేటి, పంచేటి!"

జనం గొల్లుమన్నారు. రాజలింగం కూడా నవ్వబోయాడు. "గట్ల సుత అర్థమున్నది అమ్మా, కాదంటలేను."

"మీది ఏ ఊరండీ?" అని అడిగాను.

"నాది ఈడ్నే. పద్మారావు నగర్."

"మీ ఇంట్లో తొందరగా అనడానికి ఏమంటారు?"

వాడు శాలువా సర్దుకున్నాడు. పక్కనుంచి ఎవరో కుర్రాడు, "జల్ది అంటం అంకుల్!" అని అరిచాడు.

"మరి మీరు జల్ది అని రాయక, మీకు అర్థమే తెలియని మాట ఎందుకు రాశారండీ?"

నేను మఫ్లరు తీసేశాను. వాడు దండ మీద చేయి పెట్టుకుని ముందుకు వంగాడు. "సూరిగా?" అన్నాడు. మైకు దగ్గరే ఉంది, పార్కంతా వినబడింది. నేను డైరీ తెరిచి శ్వేత చేతికిచ్చి, గుర్తు పెట్టిన చోట చదవమన్నాను. ఆ అమ్మాయి తడబడుతూ చదివింది: "అదిగోరా, సుక్క బేగి తేలిపోనాది, అంది మామ్మ." చదివి, ఒకసారి ఫ్రేము వైపు, ఒకసారి బోర్డు వైపు చూసి, తాను రాసింది అరచేత్తో తుడిచేసింది. మామ్మ సాక్ష్యం అలా మైకులో, అంతమంది ముందు నమోదైంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అయితే నేను ఊహించని సంగతి ఒకటి జరిగింది. రెండు నిమిషాల్లో జనమంతా లేచి జూపిటర్ క్యూలోకి వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో మాస్టారి నోటి నుంచి ఒక్క మాట వస్తే నా బతుకు దారి మారింది. ఈ రోజుల్లో ఒక మనిషి బతుకంతా బూటకమని తేలినా, "అయ్యో" అని, క్యూలో చోటు పోకుండా చూసుకుంటారు. వాడు కుర్చీలో ఒంటరిగా శాలువా మడత పెట్టుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి చూడాలనిపించింది. వెళ్ళి, తనివితీరా చూసి, ఇంటికి వచ్చాను. ఆ రాత్రి చక్కగా నిద్రపట్టింది. పాపం అనిపించలేదా అని మా అమ్మాయి ఫోనులో అడిగింది. లేదు.

బుధవారం పొద్దున కాలింగ్ బెల్ మోగింది. రాజలింగం. ఎవరిని అడిగి ఇల్లు పట్టుకున్నాడో. కూర్చోమన్నాను. జేబులోంచి ఒక కాగితం తీసి టీపాయ్ మీద పెట్టాడు. ఆ తెల్లవారుజామున మేమిద్దరం కలిసి చూశాం అని రాసి ఉంది.

"నువ్వొక్క సంతకం పెడితే గా శ్వేత వాళ్ళు గ్రూపుల ఏస్తరు," అన్నాడు. "నా మనుమరాండ్లు సుత గా గ్రూపుల ఉన్నరు ర. మూడు దినాల సంది నాతోని మాట్లాడుతలేరు. గప్పుడు దిమాక్ ఖరాబైంది. ఇంట్ల మస్తు తక్లీఫ్ ఉండె, గా నౌకరి రాకుంటే మా నాయన..."

"ఆ టైముకి మీరెక్కడున్నారండీ?" అన్నాను.

"ఏందిర గీ అండీ?"

"ఎక్కడున్నారు?"

తల దించుకున్నాడు. "పండుకున్న."

"అది రాయండి."

కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వైపు రాశాడు. ఆ సమయానికి నేను నిద్రపోతున్నాను. ఈ పరిశీలన నాది కాదు. తర్వాత నేను చెప్పాను: "సూర్యనారాయణ చూశాడు. రాయండి."

పెన్ను ఆగింది. వాడు తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో భయం లేదు. "నువ్వు చూసినవా?" అన్నాడు. "పార్కుల చదివిపిచ్చినవ్ కదా, ముసలమ్మనే చూసింది. ఆనాడు మెట్లెక్కొచ్చి సుత గదే చెప్పింది, నువ్వే చేయి గుంజి ఊకోమన్నవ్. నీ కాగితం నేను చదివిన సూరీ. నేనొక్కన్నే చదివిన. దాంట్ల ఆమె పేరు ఏడుంది? నువ్వు నీ పేరు రాసుకున్నవ్. నేను అదంత నా కాగితం మీద ఎక్కించి, నీ పేరు తీసి నాది రాసిన. గంతే."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. కమల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎన్నోసార్లు విన్న కథలో ఈ ముక్క ఆవిడ మొదటిసారి వింటోంది. పరిశీలకుడి గడిలో ఇద్దరి పేర్లకు చోటు లేదనుకున్నానా? అనుకోలేదు. అసలు ఆలోచించనే లేదు. ఇంతకాలం ఎవరి తరఫున పగ పట్టానో, ఆవిడ పేరు నా డైరీలో కూడా ఎక్కడా లేదు. మామ్మ అని తప్ప.

"మీ మామ్మ పేరేంది?" అన్నాడు వాడు, పెన్ను కాగితం మీద ఆనించి.

"అప్పలనరసమ్మ," అన్నాను. వాడు రాశాక, స్పెల్లింగ్ చూసి, నకారానికి తలకట్టు లేదని దిద్దించాను. చూసింది అప్పలనరసమ్మ. గడియారం చదివింది ఆమె మనవడు. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

కమల అడిగింది, "కాఫీ కలపనా?"

వాడు ఆశగా నా వైపు చూశాడు. నిజం చెప్పినందుకు వాడికి నేను అంతమాత్రం బాకీ పడ్డాను, అది నాకూ తెలుసు.

"వద్దు, ఆయన బయల్దేరుతున్నారు," అన్నాను.

వాడు చెప్పులు వేసుకుని గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, "పోయొస్త ర సూరీ," అన్నాడు. అని, వెళ్ళకుండా అలాగే నిలబడ్డాడు. ఒక్క "ఏరా" కోసం నిలబడ్డాడని నాకు అర్థమైంది.

"మంచిదండీ," అని గేటు గొళ్ళెం పెట్టాను.